గాజు పళ్ళెంలో కణానికి బీపీ ఉండదు

నేను రోగుల్ని చూడని డాక్టర్ని. మా చర్చిలో కొంతమందికి ఈ సంగతి ఇప్పటికీ మింగుడు పడదు. "ఎస్తేరమ్మా, నువ్వు డాక్టరువే గదా, మరి సూది ఎందుకు వెయ్యవూ?" అంటారు. ఫార్మకాలజీ అంటే మందులు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తాయో చదివి, అది డాక్టరు చదువుకొచ్చిన పిల్లలకి చెప్పడం అని వివరిస్తే, "ఓహో, పంతులమ్మవన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మా నాన్న మిషన్ స్కూల్లో పంతులే కాబట్టి నాకు ఆ మాటకి కోపం రాదు.

గుంటూరులో ఒక వైద్య కళాశాలలో ఆ శాఖలో చేరాను, ఆ శాఖలోనే రిటైరయ్యాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, బదిలీలు ఎవరు ఎట్లా ఆపించుకున్నారు అన్నవి రాయబోవడం లేదు. అవి చదివి ఎవరూ బాగుపడలేదు. మొన్నామధ్య కొత్తగా పీజీలో చేరిన అమ్మాయొకతె వచ్చి, "మేడమ్, ఈ శాఖలో రోగులుండరు, కేసులుండవు, బోరు కొట్టదా?" అని అడిగింది. బాగానే అడిగింది. ఎనభైల్లో మేం బీపీ మందుతో నరాల కణాల్ని కాపాడదామని కూర్చున్న సంగతీ, ఆ పని మధ్యలోకి కోళ్ళు పెంచుకునే ఒక మనిషి వచ్చి పడిన సంగతీ చెబితే, దానికి సమాధానం అదే దొరుకుతుందని ఇది రాస్తున్నాను.

మెదడులో కారం

ముందు విషయం ఏమిటో చెప్పాలి. కంగారు పడకండి, పరీక్ష పెట్టను.

మెదడులో ఒక కణం ఇంకో కణంతో మాట్లాడాలంటే గ్లూటమేట్ అనే పదార్థాన్ని ఒక చుక్క వదులుతుంది. అది అవతలి కణం తలుపు తడుతుంది. తలుపు కాస్త తెరుచుకుని కాల్షియం లోపలికి పోతుంది, కబురు అందుతుంది, తలుపు మూసుకుంటుంది. అది లేకపోతే మనకి ఆలోచనే లేదు. కానీ అదే గ్లూటమేట్ కుండ బద్దలైనట్టు ఒక్కసారిగా పారబోస్తే తలుపులు మూసుకోవు. కాల్షియం వరదలా చొరబడి కణం చచ్చిపోతుంది. పక్షవాతంలో జరిగేది ఇదే. ఎక్కడో ఒక రక్తనాళం పూడుకుంటుంది, అక్కడి కణాలు చస్తూ చస్తూ తమ దగ్గరున్న గ్లూటమేటంతా పక్కవాటి మీద కుమ్మరిస్తాయి. చుట్టుపక్కల బతికి బట్టకట్టాల్సిన కణాలు కూడా పోతాయి.

మా ప్రొఫెసరు శేషాచలం గారు క్లాసులో ఇంకా తేలిగ్గా చెప్పేవారు. "గుంటూరు పిల్లలకి ఇది చెప్పడమెందుకయ్యా? పచ్చట్లో కారం ఉంటేనే పచ్చడి. ఆ కారమే కంట్లో పడితే?" అనేవారు. మిరప సీజన్లో ఆ ఉదాహరణకి వివరణ కూడా అక్కర్లేదు. ఊరంతా కాయల ఘాటుకి తుమ్ముతూ దగ్గుతూ ఉండేది, క్లాసులో ఆయన మాట సగం వినపడేది కాదు.

ఇప్పుడు బీపీ మందు సంగతి. నిఫెడిపిన్ అని పసుప్పచ్చటి ద్రవం ఉన్న గొట్టం మాత్ర, అప్పట్లో కొత్త మోజు. అది రక్తనాళాల కండరాల్లోకి కాల్షియం పోకుండా అడ్డుపడుతుంది. కండరం వదులవుతుంది, నాళం వెడల్పవుతుంది, బీపీ దిగుతుంది. శేషాచలం గారు అడిగిన ప్రశ్న ఒక్కటే: నాళాల తలుపు మూసే మందు, నరాల కణం తలుపు కూడా మూయగలిగితే? పక్షవాతంలో చుట్టుపక్కల కణాల్నైనా దక్కించుకోవచ్చు గదా?

విదేశాల్లో కూడా అప్పుడప్పుడే కొందరు ఇదే అడుగుతున్నారు. వాళ్ళ పత్రికలు ఓడెక్కి మా లైబ్రరీకి చేరేసరికి అక్కడ కొత్తది పాతదయ్యేది. అయినా ప్రశ్న మంచిది. ఆ మాట ఇప్పటికీ అంటాను.

గుడ్ల గొడవ

నరాల కణాలు ఎక్కణ్ణుంచి తేవాలి? కోడిగుడ్డుని పొదిగేస్తే లోపల పిల్లకి మెదడు తయారవుతుంది. ఆ లేత మెదడుని తీసి, కణాలుగా విడదీసి, గాజు పళ్ళెంలో పోషక ద్రవం పోసి పెంచవచ్చు. పెద్ద యంత్రాలు లేకపోయినా జరిగే పని. మాకైతే మామూలు ఇంక్యుబేటరు, అందులో పెద్ద మూతల జాడీలు. జాడీలో పళ్ళేలు పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తే, కణాలకి కావలసినంత బొగ్గుపులుసు వాయువు కొవ్వొత్తే ఇస్తుంది. ఆ కొవ్వొత్తులు మా చర్చి నుంచి నేనే తెచ్చేదాన్ని.

శేషాచలం గారు జన్మలో గుడ్డు రుచి చూడని మనిషి. ఇంట్లో మడి, ఆచారం, అన్నీ ఉన్నాయి. అటువంటాయన గుడ్డు పెంకు చెంచాతో చితక్కొట్టి, చిన్న పట్టకారుతో పిల్ల తలని పైకి తీసేవారు. ముఖంలో ఏ మార్పూ కనబడేది కాదు. పని అయ్యాక మాత్రం వెళ్ళి నెత్తిన నీళ్ళు పోసుకుని వచ్చేవారు. 

మొదట గుడ్లు ఆఫీసు ద్వారా తెప్పించాం. రూలు ప్రకారం ఆసుపత్రి రోగులకి గుడ్లు సప్లై చేసే కాంట్రాక్టరే మాకూ ఇవ్వాలి. తళతళలాడే తెల్ల గుడ్లు వచ్చాయి. వారం పైన పొదిగేసి పగలగొడితే ఏముంది, సొన! ఇంకోసారి తెప్పించాం. మళ్ళీ సొనే. ఇంక్యుబేటరు పాడైందని రిపేరువాణ్ణి పిలిచాం, అతను విప్పి బిగించి పోయాడు. చివరికి మా అమ్మ ఊరి నుంచి వచ్చి, సంగతి విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పుంజు మొహం చూడని ఫారం కోళ్ళు, వాటి గుడ్డులో పిల్లెక్కణ్ణుంచి వస్తుందే? ఇంతమంది డాక్టర్లున్నారు, ఒక్కరికీ తట్టలేదా?"

తట్టలేదు. అందరికీ తెలుసు, ఎవరికీ తట్టలేదు. రూలు ఒకటి ఉంటే బుర్ర సెలవు పెడుతుంది, మా ఆఫీసుల్లో ఇది మామూలే.

అప్పుడు మా అమ్మే పర్చూరు పక్క పల్లెలో తనకి చర్చిలో తెలిసిన మరియమ్మని పంపించింది. నాటు కోళ్ళు, మంచి పుంజులు. పొట్టు పోసిన బుట్టలో గుడ్లు సర్దుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేది. గట్టి గొంతు. మా వరండా మొదట్లో అడుగు పెడితే చివరి గదిలో ఉన్న నాకు వినపడేది: "ఓ ఎస్తేరమ్మా, వచ్చానే తల్లా! ఒక్కటి చిట్లినా నన్నడగబాక, ఆ డ్రైవర్నడుగు!"

శేషాచలం గారంటే అందరికీ హడలు. మరియమ్మకి లేదు. మొదటిసారి వచ్చినప్పుడే ఆయన్ని నిలబెట్టి అడిగింది.

"అయ్యగోరూ, నా గుడ్లు ఏం చేత్తన్నారండీ?"

"వాటిలో పిల్ల మెదడు తీసి, అది చచ్చిపోకుండా కాపాడే మందు చూస్తున్నామమ్మా."

మరియమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ముందు పగలగొట్టేదీ మీరే, తర్వాత కాపాడేదీ మీరేనా? బాగుందండీ మీ చదువు!"

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. ఎంతో ఓపిగ్గా, కణం అంటే ఏమిటి, పక్షవాతం అంటే ఏమిటి అని ఆమెకి పాఠం చెప్పారు. మరియమ్మ అంతా విని, తలూపి, మళ్ళీ వచ్చినప్పుడు అదే మాట అంది. వచ్చిన ప్రతిసారీ అంది. ఆయన ప్రతిసారీ పాఠమే చెప్పారు.

కరెంటు లేని రోజుల మందు

పళ్ళేల్లో కణాలు పెరిగాయి. గ్లూటమేట్ పోస్తే చచ్చాయి. చచ్చిన కణం నీలం రంగు పీల్చుకుంటుంది కాబట్టి సూక్ష్మదర్శినిలో తేలిగ్గా తెలుస్తుంది. ముందుగా నిఫెడిపిన్ వేసి తర్వాత గ్లూటమేట్ పోస్తే నీలం కణాలు తగ్గాయి. అన్నీ దక్కలేదు గానీ, కొన్ని దక్కాయి. ఆ రోజు మా గదిలో పండగే.

తర్వాతి వారం అదే పని, అదే మందు, అదే మోతాదు. ఒక్క కణం దక్కలేదు. ఇంకో వారం మళ్ళీ దక్కాయి. ఇంకోసారి లేదు. "నీ చెయ్యి స్థిరంగా లేదమ్మా" అన్నారు సారు. నాకు ఒళ్ళు మండింది. "నా చెయ్యి సరే సార్, నిన్న మీరు చేసింది మాత్రం ఏం నిలబడింది?" అన్నాను.  అక్కడితో మేం ఒకరి మీద ఒకరం నెపం పెట్టుకోవడం మాని, పని మీద పడ్డాం.

మందు కలిపేది లోపలి చిన్న గదిలో. కిటికీ లేదు, చిన్న దీపం. కరెంటు పోతే? గుంటూరులో కరెంటు పోతే ఎవరైనా ఏం చేస్తారో మేమూ అదే చేశాం. సామాను పట్టుకుని వరండా కిటికీ దగ్గరికి పోయి, రెక్కలు బార్లా తీసి, మంచి ఎండ వెలుతురులో పని కానిచ్చాం. నిఫెడిపిన్‌కి వెలుతురు పడదు. పగటి వెలుతురులో గబగబా చెడిపోతుంది. ఆ సంగతి సీసా మీదే రాసి ఉంది, అందుకే దాన్ని ముదురు రంగు సీసాలో, బీరువాలో, తాళం వేసి మరీ దాచాం. అంత భద్రంగా దాచినదాన్ని తీసుకెళ్ళి ఎండలో కలిపాం! కరెంటు ఉన్న రోజుల్లో మందు పనిచేసింది, పోయిన రోజుల్లో మేం పళ్ళేల్లో వేసింది ఉత్త నీళ్ళతో సమానం.

ఇది కనిపెట్టింది సారే. కిటికీ దగ్గర పరీక్షనాళిక పట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి దాన్ని కోటు జేబులో దాచేసుకున్నారు. "మూసెయ్యమ్మా కిటికీలు! మూసెయ్!" అని అరిచారు. ఆ తర్వాత ఎక్స్‌రే విభాగం నుంచి, ఫిల్ములకి చుట్టి వచ్చే నల్ల కాగితాలు తెచ్చి, నాళికలన్నిటికీ చొక్కాలు తొడిగాం. ఫలితాలు నిలకడ పడ్డాయి.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఇది గట్టిగా చెబుతాను. తెలియక చేసే తప్పులు తక్కువ. బాగా తెలిసిన సంగతి, బాగా అలవాటైన పని, రెండూ ఎదురుపడితే గెలిచేది అలవాటే.

ఆకలి కణాలు

ఫలితాలు బాగున్నాయని ఆసుపత్రి డాక్టర్ల శనివారం సమావేశంలో చెప్పమని సారుని పిలిచారు. అప్పటికి నాకో అనుమానం పట్టుకుంది. మా కణాలు పళ్ళెంలో చక్కెర నీళ్ళలో హాయిగా తింటూ కూర్చుంటాయి. పక్షవాతం వచ్చినవాడి మెదడులో కణాలకి రక్తమే సరిగా అందదు, చక్కెరెక్కడిది? అందుకని కొన్ని పళ్ళేల్లో చక్కెర బాగా తగ్గించి చూశాను. ఆకలితో ఉన్న కణాలు చిటికెడు గ్లూటమేట్‌కే పోయాయి. నిఫెడిపిన్ వేసినా పోయాయి. కడుపు నిండిన కణాన్ని మాత్రమే ఆ మందు కాపాడుతోంది.

సారుకి చూపించాను. చాలాసేపు చూశారు. "ఇది ఇంకా చేసి చూడాలమ్మా. ఒక్కసారి వచ్చినదాన్ని పదిమందిలో పెడితే గందరగోళం. ఇప్పటికి నిలకడైనదే చెబుతాను" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు, నిజంగానే నేను చేసింది ఒక్కసారే.

సమావేశంలో బాగా చెప్పారు. మెడిసిన్ వార్డు పెద్ద డాక్టరు హనుమంతరావు గారు లేచి చప్పట్లు కొట్టారు. ఆయన మంచి వైద్యుడు, భారీ మనిషి, గొంతు కూడా అంతే. "మా కుర్రాళ్ళు ఎప్పట్నుంచో పక్షవాతం కేసుల్లో ఈ గొట్టం నాలుక కింద పిండుతూనే ఉన్నారు, బీపీ దించడానికి. ఇప్పుడు మెదడు కూడా కాపాడుతుందని మన శేషాచలం గారే చెప్పారు. ఇక ఆలోచించేదేముంది!" అన్నారు. సారు ఏదో అనబోయారు గానీ అప్పటికే టీలు వచ్చాయి.

పిండడం అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. గొట్టాన్ని సూదితో పొడిచి, లోపలి పచ్చ ద్రవాన్ని నాలుక కింద పిండేవాళ్ళు. చూస్తుండగానే బీపీ పడిపోయేది. చూడ్డానికి అద్భుతంగా ఉండేది. మా పల్లెల్లో ఆర్ఎంపీ దగ్గర్నుంచి పట్నం కాంపౌండరు దాకా జేబులో ఈ గొట్టాలు లేనివాళ్ళు లేరు. దానికి తోడు మన దగ్గర ఒక మర్యాద ఉంది. రోగిని పెద్దాసుపత్రికి పంపేటప్పుడు ఉత్త చేతులతో పంపడం నామోషీ. "ఏం చేశారండీ మీరు?" అని బంధువులు అడుగుతారు. అందుకని ప్రతివాడూ తన వంతు ఒకటి పిండి పంపేవాడు. ముందువాడు పిండాడా లేదా అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మరియమ్మ

మిరప కోతల రోజులు. మధ్యాహ్నం మా శాఖ ముందు ఒక వ్యాను ఆగింది. మరియమ్మ కూతురు సువార్త దిగి, ఏడుస్తూ లోపలికి పరిగెత్తుకొచ్చింది. పాపం, ఆ పిల్లకి గుంటూరులో తెలిసిన ఒకే ఒక్క తలుపు మాది. అత్యవసర విభాగం ఎక్కడుందో తెలియదు, తల్లి గుడ్లు ఇచ్చే చోటు తెలుసు.

వ్యాను వెనక భాగంలో గోనెపట్టాల మీద మరియమ్మ పడుకుని ఉంది. కుడిచెయ్యి పక్కకి వేలాడుతోంది, మూతి ఒక వైపు జారింది. నన్ను చూసి గుర్తుపట్టింది. నోరు తెరిచింది, ఏమీ రాలేదు. వరండా దద్దరిల్లేలా అరిచే మనిషి ఊరికే నోరు తెరిచి మూసింది. ఆ వేలాడే చెయ్యి పట్టుకున్నాను. 

సారు కూడా వచ్చారు. "ఎప్పట్నుంచి మాట పోయింది?" అని సువార్తని అడిగారు.

"కల్లంలో కాయలు ఎగదోత్తా చెయ్యి బరువుగా ఉందందండీ. మాట తడబడింది గానీ మాట్టాడిందండీ! 'కోళ్ళని గంప కింద పెట్టవే' అని నాకు చెప్పింది గూడా. ఊళ్ళో డాట్టరుగారు నాలిక్కింద మందు పిండారు. పర్చూరు పోతే అక్కడ గూడా పిండారు. దార్లోనే... దార్లో మాట పడిపోయిందండీ."

సారు వంగి, మరియమ్మ గడ్డం పట్టుకుని నోరు తెరిపించారు. నాలుక కింద పచ్చటి మరక ఇంకా ఉంది. ఆ మరక చూసి ఆయన ముఖం ఎట్లా మారిందో నాకు తెలుసు. పరీక్షనాళికని జేబులో దాచుకున్ననాడు చూసిన ముఖమే అది.

మాట తడబడిన మనిషి మూగదైంది. పోయిన మాట తిరిగి వస్తుందా, ఉన్న కాస్తా పోతుందా, అదే అప్పుడు తేలాల్సింది.

వార్డుకి తీసుకెళ్ళాం. హనుమంతరావు గారు రౌండ్లలో ఉన్నారు, చుట్టూ విద్యార్థులు. నాడి పట్టుకుని, బీపీ కొలిచి, "పై అంకె వందే ఉంది. బీపీ భేషుగ్గా కంట్రోల్లో ఉంది" అన్నారు. నర్సు వైపు తిరిగి, "అయినా మెదడు కాపాడటానికి ఇంకోటి పిండమ్మా. శేషాచలం గారి మందే!" అని నవ్వారు. గౌరవంగానే అన్నారు. నర్సు సూది తీసింది.

"వద్దు" అన్నారు సారు.

"అదేమిటండీ, మీ మందుని మీరే వద్దంటారా?"

"ఈమెకి ఇప్పటికే రెండు పిండారు. వందకి దిగింది అందుకే. మాట కూడా ఆ తర్వాతే పోయింది."

"చూడండి శేషాచలం గారూ, లోపల రక్తనాళం చిట్లి ఉంటే? బీపీ పెరిగితే ఆ మనిషి దక్కదు. స్కానింగు తీయించాలంటే మద్రాసు పోవాలి. అది మీకూ తెలుసు." గొంతు పెరిగింది. "మొన్న సమావేశంలో చెప్పింది మీరు కాదా?"

ఆ వార్డులో రోగుల్ని చూడని డాక్టరు నోరెత్తడమే తప్పు. మమ్మల్ని వెనక 'మందుల కొట్టువాళ్ళు' అనేవాళ్ళు. విద్యార్థులందరూ చెవులు రిక్కించి వింటున్నారు. సారు కొన్నేళ్ళ కష్టం, రాబోయే పేరు, అన్నీ ఆ మందు మీదే ఉన్నాయి. "ఇది వేరు, అది వేరు" అని గొణిగి బయటపడొచ్చు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను, ఏమంటారో నాకే తెలియదు.

"నేనే చెప్పాను. సగమే చెప్పాను" అన్నారు. "నా కణం గాజు పళ్ళెంలో ఉంటుందయ్యా. దానికి బీపీ ఉండదు. దానికి తిండి నేను పోస్తాను. ఈమె మెదడుకి తిండి పోసేది ఆ బీపీయే. అది దించేస్తే ఆకలితో ఉన్న కణం నా మందుకి దక్కదు. పళ్ళెంలోనే దక్కలేదు, ఇదిగో ఈ ఎస్తేరు చూపించింది. లోపల చిట్లిందో పూడిందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఏదైనా గానీ, వంద నుంచి ఇంకా దించాల్సిన పనేముంది?"

హనుమంతరావు గారు మరియమ్మ నాడి మళ్ళీ పట్టుకుని చూశారు. తర్వాత నర్సు చేతిలో గొట్టం తీసుకుని ట్రేలో పడేశారు. "దిండు తీసెయ్యండి. మంచం తల కిందికి దించండి. సెలైన్ పెట్టండి, మెల్లగా" అన్నారు. విద్యార్థుల వైపు తిరిగి, "ఏంట్రా చూస్తారు, పదండి" అని కసిరారు. మాటకి మాట అనకుండా ఊరుకునే మనిషి కాదాయన, కానీ రోగి విషయం అనేసరికి పంతం పక్కన పెట్టేవారు. పెద్ద డాక్టరు అనడానికి ఈ ఒక్క గుణం ఉంటే చాలు.

సాయంత్రానికి బీపీ పైకి వచ్చింది. కుడి కాలు కదిలింది. చెయ్యి కదల్లేదు, మాట రాలేదు.

ఆ తర్వాత హనుమంతరావు గారు చేసిన పని ఒకటి చెప్పాలి. అత్యవసర విభాగంలో పక్షవాతం కేసు వస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న మార్చారు: "ముందు ఎవరైనా పిండారా?" నాలుక కింద టార్చి వేసి చూడమన్నారు. ఎన్ని నాలుకలు పచ్చగా కనబడ్డాయో చూసి అక్కడి డాక్టర్లే గుండెలు బాదుకున్నారు. ఆ పిండుడు తప్పని పెద్ద దేశాలవాళ్ళు గట్టిగా చెప్పడం ఇంకా తర్వాత సంగతి.

సారు నాచేత ఆకలి కణాల ప్రయోగం మళ్ళీ మళ్ళీ చేయించారు. ఫలితం మారలేదు. పత్రికకి పంపబోతున్న వ్యాసంలో చివర 'పక్షవాత రోగులకు ఉపయోగపడగలదు' అన్న వాక్యం ఉండేది. దాన్ని కొట్టేశారు. కొట్టేశాక వ్యాసం చప్పగా అయింది, చిన్న పత్రికలో వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకి బాధ లేదని నేననను. 

గుడ్ల బుట్ట

అమ్మాయిలూ, ఒక మాట. మేం అడ్డుపడటం వల్లే మరియమ్మ దక్కిందని నేను చెప్పను. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు. ఇంకో గొట్టం పిండినా ఆమె లేచి కూర్చునేదేమో, ఎవరికి తెలుసు? కానీ పళ్ళెంలో ఏదైనా బాగా పనిచేసిందని సంబరపడి వార్డుకి పరిగెత్తే ముందు, ఆ కణానికి అన్నం ఎవరు పెడుతున్నారో అడగండి. మా సారు దగ్గర నేను నేర్చుకున్న విద్య అంతా కలిపితే ఇంతే.

మరియమ్మ ఇంటికి వెళ్ళింది. సువార్త గుడ్లు తెచ్చినప్పుడల్లా కబుర్లు చెప్పేది. కర్ర పట్టుకుని నడుస్తోందట. మంచినీళ్ళు కావాలని కూడా అడగలేకపోతోందట, కానీ ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాట మొత్తం పాడేసిందట. పాట అయిపోగానే మళ్ళీ మూగ. "ఎట్టా డాట్టరమ్మా, పాటకి వచ్చే నోరు మాటకి రాదేం?" అని ఆ పిల్ల అడిగింది. పాట ఒక దారిన వస్తుంది, మాట ఇంకో దారిన వస్తుంది అని చెప్పాను. చెప్పానేగానీ, మా అమ్మ పక్కన నిలబడి మరియమ్మ పాడటం ఒకసారి వెళ్ళి విన్నాను. విని, చర్చి బయటికొచ్చి ఏడ్చాను.

మరుసటి ఏడాది మిరప కోతలు ముగిసే రోజుల్లో, సువార్త వెంట మరియమ్మ కూడా వచ్చింది. వరండాలో కేక వినపడలేదు. కర్ర చప్పుడు వినపడింది. బుట్ట ఎడమచేతికి తగిలించుకుంది, కూతురికి ఇవ్వలేదు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, బుట్ట బల్ల మీద పెట్టింది. శేషాచలం గారు అప్పుడే ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని దీపానికి అడ్డం పెట్టి చూస్తున్నారు.

"ఎలా ఉన్నావు మరియమ్మా?"

ఆమె ఆయన చేతిలోని గుడ్డు వైపు చూసింది. పెదాలు కదిలాయి.

"ప... ప..."

సువార్త అందుకోబోయింది. సారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. మేం ముగ్గురం నిలబడిపోయాం. మరియమ్మ మెడ నరాలు ఉబ్బాయి, నుదుట చెమట పట్టింది.

"పగల... గొట్టేదీ... మీరే."

అంతే. మిగతా సగం కోసం వెతుక్కుంది. కళ్ళు మూసుకుని వెతుక్కుంది. రాలేదు.

శేషాచలం గారు గుడ్డుని మెల్లగా బుట్టలో పెట్టేశారు. ఈసారి పాఠం చెప్పలేదు.

"అంతే మరియమ్మా" అన్నారు. "ఇప్పటికి అంతవరకే నిజం."

మరియమ్మ సగం మూతితోనే నవ్వి, ఎడమచేత్తో బుట్టని ఆయన వైపు జరిపింది.